గౌస్ బాషా సైకిలు బ్రేకులు

గౌస్ బాషా చొక్కా మాసిపోయి ఉండొచ్చు, చెప్పుకు గుడ్డపీలిక చుట్టి ఉండొచ్చు, సైకిలు విషయంలో మాత్రం అతన్ని వేలెత్తి చూపే మగాడు ఆ ఊళ్లో లేడు. పొద్దున టీ తాగకముందే దాన్ని వాకిట్లో స్టాండు వేసి, పీట లాక్కుని కూర్చుని, చక్రం తిప్పుతూ గుప్పెడు దూదితో రిమ్ములు తుడిచేవాడు. ముందు చక్రం అయ్యాక వెనక చక్రం, బయటివైపు అయ్యాక లోపలివైపు. ఎండ పడితే తళుక్కుమనేదాకా వదిలేవాడు కాదు. భార్య కౌసర్ సద్దిగిన్నె చేతబట్టుకుని మిరపకాయల పనికి పోతూ పోతూ ఆగి చూసేది.

"ముప్పయ్యేళ్లలో నా మొహం ఒక్కసారన్నా అంత శ్రద్ధగా చూశావా?" అని దెప్పేది.

"నీకు తుప్పు పట్టదుగా" అనేవాడు అతను, తల ఎత్తకుండానే.

దూదేకుల వాళ్ల ఇల్లు కాబట్టి గుప్పెడు దూదికి లోటు లేదు. అతని పనే అది. అద్దంకి చుట్టుపక్కల పల్లెలు తిరిగి పాత పరుపులు, దిండ్లు విప్పి, గడ్డకట్టిన దూదిని ఎండలో పోసి, కొట్టి, ఏకి, అది పొంగాక కొత్త గుడ్డలో కూరి కుట్టి ఇస్తాడు. ఇళ్ల దగ్గర చోటు లేకపోతే పరుపును చుట్టి సైకిలు మీద కట్టుకుని తన వాకిట్లోకి తెచ్చుకుంటాడు. అలా వస్తున్నప్పుడు వెనక నుంచి మనిషి కనపడడు. పరుపు ఒక్కటే ఎవరి మీదో అలిగి ఊరు విడిచి పోతున్నట్టు ఉంటుంది. "పరుపులు కుడతాం, దిండ్లు కుడతాం" అని వీధి మొదట్లో అతను కేకేస్తే చివరింట్లో నిద్రపోతున్న పిల్ల కూడా లేచేది. ఇప్పుడు అందరి ఇళ్లలోకీ స్పాంజి పరుపులు వచ్చాయి. అయినా నడుం నొప్పి ఉన్న ముసలివాళ్లు, దూదికి అలవాటు పడ్డవాళ్లు ఇంకా మిగిలి ఉన్నారు. వాళ్ల మీద బతుకుతున్నాడు. అందులో అతనికి నచ్చింది కుట్టడం కాదు, తిరగడం. ఏ ఊళ్లో ఏ అరుగు మీద మజ్జిగ దొరుకుతుందో, ఏ ఇంట్లో కోడలు గయ్యాళో అతనికి తెలిసినంతగా కరెంటు బిల్లులు కొట్టేవాడికి కూడా తెలియదు.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఆ పల్లెల్లో మనిషి పోతే, ఆ మనిషి తల పెట్టుకున్న దిండును ఇంట్లో ఉంచుకోరు. పారేయడానికి మనసొప్పదు, వాడుకోవడానికి భయం. గౌస్ బాషా అటువైపు వచ్చినప్పుడు చేతికిచ్చి, "నువ్వే ఏదో ఒకటి చెయ్యవయ్యా" అంటారు. ఆ దిండులో దూదిని బతికున్నవాళ్ల పరుపులో కలపకూడదని అతని తండ్రి చెప్పి పోయాడు. కలిపితే పట్టుకునేవాడు ఎవడూ లేడు. కానీ అతను కలపడు. ఇదివరకు కాలువ గట్టున గొయ్యి తీసి పూడ్చి వచ్చేవాడు. హైవే వెడల్పు చేసినప్పుడు ఆ గట్టు రోడ్డు కిందికి పోయింది. అప్పట్నుంచి ఆ దూదంతా ఒక గోతంలో వేసి ఇంటి వసారాలో పెట్టుకున్నాడు. పని తగ్గిందిగానీ పోయినవాళ్ల దిండ్లు తగ్గలేదు. ఏళ్ల తరబడి తలల కింద నలిగి నల్లబడ్డ దూది అది. పట్టులా మెత్తగా ఉంటుంది. సైకిలు తుడవడానికి అంత మంచిది ఇంకోటి లేదని కనిపెట్టాడు. పోయినవాళ్ల సొమ్ము పెంటకుప్ప పాలు కాకుండా ఒక మంచి పనికి వస్తోందని అతనికి లోపల కొంచెం తృప్తి కూడా.

ఆ హైవేయే వంతెన కూడా తెచ్చింది. ఇదివరకు ఊరికీ అవతలి పల్లెలకూ మధ్య ఉన్నది మామూలు తారు రోడ్డు. అటూ ఇటూ చూసి దాటేవాళ్లు. ఇప్పుడు రోడ్డు మధ్యలో నడుమెత్తు గోడ కట్టి, మనుషులు, సైకిళ్లు దాటడానికి పైనుంచి మెట్లు లేని వాలు వంతెన ఒకటి వేశారు. పొలానికి పోవాలన్నా, గడ్డికి పోవాలన్నా, అవతల చుట్టాన్ని పలకరించాలన్నా దాన్ని ఎక్కి దిగాల్సిందే. పత్తి, మిరప పండే ఆ చదును నేలలో పుట్టి పెరిగినవాళ్లకు ఎత్తుపల్లాలు ఎట్లా తెలుస్తాయి? అంతకుముందు గౌస్ బాషాకు బ్రేకులతో పనే లేదు. కాలు నేలకు ఆనిస్తే సైకిలు ఆగేది. ఇప్పుడు పరుపు కట్టిన సైకిలు వంతెన మీద నుంచి దిగుతుంటే ముందుకు తోసుకుపోతుంది. దిగిన చోటే మలుపు, మలుపులోనే కోల్డ్ స్టోరేజీ గేటు, గేటు ముందు మిరపకాయ టిక్కీ బస్తాల ట్రాక్టర్లు.

కౌసర్ ఆ కోల్డ్ స్టోరేజీలోనే మిరపకాయల తొడిమలు తీస్తుంది. సాయంత్రం అతను వంతెన దిగి, గేటు దగ్గర ఆగి, బెల్లు కొట్టేవాడు. గోడ లోపల రాశి ముందు కూర్చున్న ఆమెకు అది వినపడేది. వినపడేదాకా ఆమె పక్కవాళ్ల కబుర్లకు ఊ కొట్టడమే గానీ ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు.

వంతెన వచ్చినప్పట్నుంచి బ్రేకు రబ్బర్లు అరగడం మొదలైంది. అరగడమంటే ఏదో మామూలుగా కాదు. కొత్తవి వేయించి నెల తిరక్కుండానే ఇనుము బయటపడేది. రిమ్ము మీద నల్లటి జిగురు పేరుకునేది. పొద్దున దాన్ని దూదితో ఇంకా గట్టిగా తుడిచేవాడు. ఊళ్లో సైకిలు షాపు ఒకటే మిగిలింది, కరుణాకర్‌ది. అందులో సగం ఫోన్ల రీచార్జి.

"బాబాయ్, మళ్లీనా?" అన్నాడు కరుణాకర్ ఒకరోజు.

"నువ్వేసే సరుకు అట్లా ఏడిచింది మరి."

"అదే సరుకు ఊరందరికీ వేశాను. ఎవరూ రారు. నువ్వొక్కడివే వస్తావు."

కరుణాకర్ నోరు దురుసుగానీ పని తెలిసినవాడు. డబ్బాలు తీసి బల్ల మీద పరిచాడు. ఎర్ర రబ్బర్లు మెత్తన. పట్టుకుంటే వదలవు, కానీ త్వరగా అరుగుతాయి. నల్లవి గట్టివి. చాలాకాలం వస్తాయి, కాకపోతే కీచుమంటాయి, రిమ్మును గీకుతాయి, వానలో జారతాయి. లారీ టైరు ముక్కలు కోసి వేయించుకునేవాళ్లు కూడా ఉన్నారు, అవి అరగవు సరే, సైకిలు ఆపవు కూడా. "బరువు మోసే సైకిలుకు వెనక నల్లవి, ముందు ఎర్రవి వేసుకో" అని తేల్చాడు. వేసే ముందు రిమ్ములు పెట్రోలు గుడ్డతో తుడిచి, ఉప్పుకాగితంతో రుద్ది, రబ్బరు రిమ్ముకు పూర్తిగా ఆనేట్టు నట్టు సరిచేసి, చక్రం తిప్పి బ్రేకు నొక్కి చూపించాడు. టక్కున ఆగింది.

"నూనె గానీ పడుతోందా బాబాయ్ రిమ్ముల మీద?"

"గొలుసుకు తప్ప సైకిలుకు నూనె చూపించను. రిమ్ములు రోజూ దూదితో తుడుస్తాను."

"ఆ సంగతి తెలుసులే. నీ రిమ్ముల్లో చూసుకుని తల దువ్వుకోవచ్చు" అని నవ్వాడు కరుణాకర్. "అయితే బరువే. ఆ వంతెనే."

నాలుగు రోజులు బ్రహ్మాండంగా ఆగింది. తర్వాత మళ్లీ మామూలే. మొదట కాస్త నొక్కితే ఆగేది, తర్వాత గట్టిగా నొక్కాల్సి వచ్చేది, ఆ తర్వాత వేళ్లు తెల్లబడేదాకా నొక్కినా వంతెన చివరికి వచ్చేసరికి గుండె నోట్లోకి వచ్చేది. ఎర్రవి వేయించాడు, నల్లవి వేయించాడు, టైరు ముక్కలు వేయించాడు. ఒకరోజు సైకిలు ఆగక కోల్డ్ స్టోరేజీ గోడకు రాసుకుంది. మోచెయ్యి గీరుకుపోయింది. ఆ సాయంత్రం కౌసర్ పసుపు పెడుతూ, "ఇంకొక్కసారి పడ్డావంటే సైకిలు వదిలెయ్యాలి. జాన్ కొట్లో కూర్చోవాలి. మాటివ్వు" అంది.

ఇచ్చాడు. కొత్త రబ్బర్లు వేయిస్తే సరిపోతుంది కదా అన్న ధీమాతో ఇచ్చాడు.

జాన్ బాషా కౌసర్ తమ్ముడు. అద్దంకిలో స్పాంజి పరుపుల షాపు పెట్టి బాగుపడ్డాడు. "ఈ వయసులో ఎండలో తిరగడం ఎందుకు బావా, నా దగ్గర కూర్చుని కవర్లు కుట్టు, నీడపట్టున ఉంటావు" అని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. మంచివాడు. చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి బయటపడొచ్చు, మంచివాడి చేతిలో నుంచి ఎట్లా బయటపడతాం?

మాటిచ్చిన వారంలోనే పడ్డాడు. అవతలి పల్లెలో యలమంద అనే రైతు ఇంటి నుంచి పాత పరుపు కట్టుకుని వస్తున్నాడు. కరుణాకర్ రబ్బర్లు మార్చి ఐదు రోజులే అయింది. వంతెన సగం దిగాక కింద ట్రాక్టరు ఒకటి గేటులోకి తిరగడం కనిపించింది. రెండు బ్రేకులూ నొక్కాడు. ఒంట్లో ఉన్న సత్తువంతా చేతుల్లోకి తెచ్చి నొక్కాడు. సైకిలు అతని మాటే వినలేదు. ట్రాక్టరు చక్రం ఎదురుగా పెద్దదవుతుంటే హ్యాండిల్ పక్కకు తిప్పి రోడ్డు వార పత్తికట్టె మోపుల్లోకి పోయాడు. అతను ఒకపక్క పడ్డాడు, సైకిలు ఒకపక్క, యలమంద పరుపు మధ్యలో చిరిగి దూది రోడ్డంతా పరుచుకుంది.

కౌసర్‌కు బెల్లు వినపడలేదు, కేకలు వినపడ్డాయి. రాశి ముందు నుంచి లేచి అట్లాగే పరుగెత్తుకొచ్చి, నుదుటి మీద నెత్తురు చేత్తో తుడిచింది. పొద్దుట్నుంచీ మిరపకాయలు పట్టుకున్న చెయ్యి. దెబ్బకు లేవని కేక దానికి లేచింది. చుట్టూ చేరినవాళ్లు నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డారు. అతను కళ్లు మూసుకుని, చేతికి అందిన ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు.

"రెండు బ్రేకులూ నొక్కాను. ఆగలేదు" అన్నాడు.

"చేతుల్లో పట్టు తగ్గింది బాషా. వయసు మీద పడింది" అన్నాడు ఎవరో పెద్దాయన. అవునవునన్నారు మిగతావాళ్లు. కరుణాకర్ వచ్చి వంగి చక్రాలు చూశాడు. "రబ్బర్లు బాగానే ఉన్నాయి బాబాయ్" అన్నాడు నెమ్మదిగా. ఇంకేమీ అనలేదు. ఆ ఊరుకోవడంతో గౌస్ బాషా వ్యవహారం తేలిపోయింది. రబ్బర్లు బాగుంటే మిగిలింది చేతులే కదా. కౌసర్ వైపు చూశాడు, ఆమె అయినా కాదంటుందేమోనని. ఆమె తల దించుకుని చీరకు అంటిన దూది దులుపుకుంటోంది.

మాట ప్రకారం జాన్ బాషా షాపుకు పోయాడు. ముందు అద్దాల గది, ఏసీ, రంగురంగుల పరుపులు. అతను కూర్చునేది వెనక గోడౌన్లో. అక్కడ ఒక కిటికీ ఉందిగానీ దానికి అడ్డంగా స్పాంజి దిమ్మలు పేర్చారు. పగలే లైటు వేసుకోవాలి. మిషను ముందు కూర్చుని కవర్లకు జిప్పులు వేయాలి. స్పాంజికి ప్రాణం లేదని అతని ఉద్దేశం. ఎండబెడితే పొంగదు, కొడితే పలకదు, దాని వాసన సాయంత్రం అన్నంలోకి కూడా వచ్చేది. జాన్ బాషా వేళకు టీ తెప్పించేవాడు, ఫ్యాను తనవైపు నుంచి బావ వైపు తిప్పేవాడు, "ఎట్లా ఉంది బావా" అని అడిగేవాడు. "బాగుందిరా" అనక ఏమంటాడు? పొద్దున ఆటోలో పోవడం, సాయంత్రం ఆటోలో రావడం. ఆటో వెనక సీట్లో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చుంటే బయట ఏ ఊరు పోతోందో కూడా కనపడేది కాదు. ఆ గదిలో అతనికి ఒక్కోసారి ఊపిరాడేది కాదు. లేచి బయటికి వచ్చి, షాపు ముందు నిలబడి, రోడ్డు చూసి మళ్లీ లోపలికి పోయేవాడు.

అన్నిటికంటే చేతులు అతన్ని కుంగదీశాయి. పట్టు పోయిందని నలుగురూ అన్నాక చేతుల మీద నమ్మకం పోయింది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. నీళ్ల బిందె తనే ఎత్తేవాడు ఇదివరకు, ఇప్పుడు కౌసర్ ఎత్తుతుంటే చూస్తూ కూర్చునేవాడు. సూదిలో దారం ఒక్క దెబ్బకే ఎక్కించేవాడు, కానీ అది లెక్కలోకి తీసుకోలేదు. రోజూ పొద్దున వాకిట్లో పీట మీద కూర్చుని తుడవడానికి ఏమీ లేక అరచేతులు చూసుకునేవాడు. ముసలితనం ఇట్లా ఒక సాయంత్రం వంతెన దిగి వస్తుందని అతను అనుకోలేదు.

సైకిలును పక్కింటి యేసుపాదానికి ఇచ్చేశాడు. యేసుపాదం చర్చిలో గంట కొడతాడు, బల్లలు తుడుస్తాడు, మిగతా పొద్దంతా గేదెతో గడుపుతాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్లు. "ఊరికే పడి ఉండి తుప్పు పట్టేకంటే నువ్వు తిప్పుకోరా" అన్నాడు గౌస్ బాషా. "రోజూ తుడవాలి, మరి" అని కూడా చెప్పాడు. యేసుపాదం సరేనని తల ఊపాడు. తన గేదెనే సరిగా కడగని మనిషి సైకిలు తుడుస్తాడా?

ఏడాది గడిచింది. ఒక శుక్రవారం, జాన్ బాషా కొట్టు మూసే రోజు, నమాజు అయ్యాక గౌస్ బాషా చర్చి ముందు నుంచి నడిచి వస్తున్నాడు. గోడకు ఆనించి తన సైకిలు కనపడింది. కడ్డీలకు నల్లమట్టి అట్టలు కట్టింది. రిమ్ములు ఏ రంగువో దేవుడికే తెలియాలి. క్యారియర్ మీద పచ్చగడ్డి మోపు ఉంది, మనిషెత్తు. గబగబా ఇంటికి పోయి, వసారాలో గోతం విప్పి, ఇంత దూది పట్టుకుని వచ్చాడు.

"ఒరేయ్ యేసుపాదం, ఇది సైకిలా, పందుల దొడ్డా? నీకు మనసెట్లా ఒప్పిందిరా?"

యేసుపాదం చర్చి మెట్ల మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. "నడుస్తోంది కదరా. నడిచేదాన్ని కడగడం ఎందుకు?"

గౌస్ బాషా అతనితో మాటలు అనవసరం అనుకుని గొంతుక్కూర్చుని ముందు చక్రం తుడవడం మొదలుపెట్టాడు. మట్టి రాలింది. రిమ్ము మెరిసింది. వెనక చక్రం కూడా తుడిచాడు. ఏడాది తర్వాత ఆ పని చేస్తుంటే మనసు కొంచెం తేలికపడింది. తుడుస్తూ తుడుస్తూ బ్రేకు రబ్బర్లు చూశాడు. వాటి మీద గాడులు ఇంకా అట్లాగే ఉన్నాయి.

"రబ్బర్లు ఎప్పుడు మార్చావు?"

"మార్చడమా? నువ్విచ్చిన రోజు ఏవున్నాయో అవే."

"వంతెన మీద నుంచే కదా గడ్డి తెచ్చేది?"

"లేకపోతే గాల్లో తెస్తానా? రోజూ వంతెనే. ఇదే మోపు. నీ పరుపుల కంటే బరువే." యేసుపాదం లేచి బీడీ పారేసి సైకిలు పట్టుకున్నాడు. "జరుగు. గేదె అరుస్తూ ఉంటుంది."

చర్చి వాకిలి నుంచి రోడ్డుకు చిన్న వాలు ఉంది. యేసుపాదం రోజూ చేసినట్టే సైకిలు ఎక్కి వాలులోకి వదిలి, రోడ్డు దగ్గర బ్రేకు నొక్కాడు. సైకిలు ఆగలేదు. మళ్లీ నొక్కాడు. రోడ్డు దాటి పోయి ఎదురింటి కంచెలో దిగబడింది. గడ్డి మోపు అతని నెత్తిమీదుగా కంచె అవతల పడింది.

"ఏం చేశావురా నా సైకిలుకు?" అన్నాడు కంచెలో నుంచే. "ఏడాది నుంచి లేంది, నువ్వు చెయ్యి పెట్టగానే..."

గౌస్ బాషా నిలబడిన చోటే నిలబడ్డాడు. చేతిలో దూది వైపు చూశాడు. వేళ్లతో గట్టిగా పిండి, ఆ వేళ్లు ఒకదానికొకటి రుద్ది చూశాడు. జారుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆముదం, కొబ్బరినూనె, ఎవరి తలకో రాసిన ఏదో పాత సువాసన. ముసలమ్మలు ఏళ్లకేళ్లు తలకు పట్టించిన నూనెంతా ఆ దూదిలో ఉంది. దాన్ని తీసుకుని రోజూ పొద్దున్నే, ప్రేమగా, మూల మూలకూ పోయేట్టు తన రిమ్ములకు పట్టించాడు. నూనె తగిలిన రబ్బరు మెత్తబడి, జిగురై, దుమ్ము పట్టుకుని అరిగిపోకేం చేస్తుంది? కరుణాకర్ పెట్రోలుతో తుడిచిన నాలుగు రోజులు ఎందుకు బాగుండేదో, యేసుపాదం తుడవకుండా వదిలేసిన మట్టి ఆ నూనెను ఎట్లా గీకేసిందో ఇప్పుడు తెలిసింది. చేతులు నొక్కుతూనే ఉన్నాయి. రిమ్ములే జారిపోయాయి.

అతనికి ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. తర్వాత ఏడుపు వచ్చింది. ఏడాదిపాటు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నందుకు వచ్చింది. యేసుపాదాన్ని కంచెలోంచి లాగడానికి చెయ్యి చాపాడు. యేసుపాదం ఆ చెయ్యి పట్టుకుని ఒక్క గుంజున బయటపడి, "మెల్లగారా, భుజం ఊడొస్తుంది" అన్నాడు.

సాయంత్రం కౌసర్ పని నుంచి వచ్చి, మిరప మంట తగ్గడానికి చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ అరుగు మీద కూర్చుంది. అతను గోతం తెచ్చి ఆమె ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాడు. మొదట్నుంచీ చివరిదాకా, కంచెతో సహా. ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"నా చేతులు బాగానే ఉన్నాయి కౌసర్. పట్టు పోలేదు."

"నాకు తెలుసు" అంది ఆమె.

"ఇప్పుడు నేను చెబితే కదా తెలిసింది?"

"అప్పుడే తెలుసు. నువ్వు పడ్డ రోజు నా చెయ్యి పట్టుకుని లేచావు చూడు. గాజులు రెండు పగిలాయి. వారం రోజులు మణికట్టు వాచింది. పట్టు పోయినవాడు అట్లా పట్టుకుంటాడా?"

అతను ఆమె మణికట్టు వైపు చూశాడు. "మరి నలుగురూ అంటుంటే కాదనలేదేం?" అన్నాడు.

"కాదంటే మళ్లీ ఎక్కేవాడివి." ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఆ బ్రేకులకేమైందో నాకు తెలియదు. అది దేవుడి మీద ఒట్టు. చేతులు కాదని మాత్రం తెలుసు. నువ్వు ఆ వంతెన దిగే ప్రతి పొద్దూ నేను అక్కడ చచ్చి బతికేదాన్ని. జాన్ కొట్లో కూర్చున్నాక ఈ ఏడాది మనశ్శాంతిగా పని చేసుకున్నాను. నువ్వు కుమిలిపోతున్నావని చూస్తూనే ఉన్నాను. చూసి కూడా ఊరుకున్నాను."

ఆమెను తిట్టాలని నోటిదాకా వచ్చింది. తిట్టలేకపోయాడు. తన కిటికీకి అడ్డం పెట్టిన స్పాంజి దిమ్మల వెనక ఉన్నది జాన్ బాషా కాదు, కౌసర్ భయం. దాన్ని ఎత్తి పక్కన పెట్టే సత్తువ తన చేతులకు ఉందో లేదో అతనికి తెలియలేదు. శనివారం పొద్దున మామూలుగానే ఆటో ఎక్కి షాపుకు పోయాడు. ఆదివారం పోయాడు. టీ గ్లాసు ఒక చేత్తో పట్టుకున్నాడు. జిప్పులు వేశాడు. ఆ వారమంతా ఆ ఇంట్లో ఇద్దరూ అన్నానికి, నీళ్లకు తప్ప మాట్లాడుకోలేదు.

శుక్రవారం నిద్ర లేచేసరికి వాకిట్లో బరబరమని చప్పుడు. బయటికి వచ్చి చూస్తే సైకిలు స్టాండు వేసి ఉంది. యేసుపాదం గోడ అవతల నుంచి చూస్తూ, "నన్నడక్కు, మీ ఆవిడే వచ్చి తోసుకుపోయింది" అన్నాడు. కౌసర్ పీట మీద కూర్చుని, కొబ్బరి పీచు, గిన్నెల పౌడరు పెట్టి, నూనె మూకుడు తోమినట్టు రిమ్ములు తోముతోంది. వేలితో రుద్ది చూసి, మళ్లీ పౌడరు వేసి తోముతోంది. పక్కన గోతం లేదు.

"దూది ఏది?"

"తెల్లారగట్ల పొలం గట్టున పూడ్చి వచ్చాను. ఇకమీదట ఎవరిచ్చినా అక్కడికే." చెంబుతో నీళ్లు కుమ్మరించి చక్రం తిప్పి, బ్రేకు నొక్కింది. చక్రం ఆగిపోయింది. మళ్లీ తిప్పి మళ్లీ నొక్కింది. "శుక్రవారం ఒక్కరోజే" అంది అతని మొహం చూడకుండా. "మిగతా రోజులు జాన్ దగ్గరే. ఇంకో రోజు అడగొద్దు. నా వల్ల కాదు."

నమాజు అయ్యాక వంతెన ఎక్కి అవతలికి పోయాడు. మొదటి వీధిలోనే "పరుపులు కుడతాం, దిండ్లు కుడతాం" అని కేక వేశాడు. యలమంద బయటికి వచ్చి, "నా పరుపు చింపి ఏడాది అయింది, ఇప్పుడొచ్చావా" అని తిట్టి, మజ్జిగ ఇచ్చి, ఇంకో పాత పరుపు తెచ్చి వాకిట్లో వేశాడు.

పొద్దు వాలుతుండగా ఆ పరుపు కట్టుకుని వంతెన నెత్తి మీదికి వచ్చాడు. ఇటు చూస్తే మిరప కల్లాలు ఎర్రగా, అటు చూస్తే పత్తి చేలు, కింద ఆగకుండా పోతున్న లారీలు. ఆరు రోజుల గది మళ్లీ రేపు ఉంది. అది గుర్తొచ్చి ఒక్క నిమిషం అక్కడే నిలబడ్డాడు. తర్వాత సైకిలు వదిలాడు. పరుపు వెనక నుంచి నెట్టింది. బ్రేకు నొక్కితే రిమ్ము గరగరమంది, సైకిలు వెనక్కి లాగినట్టు నెమ్మదించింది. సగంలో ఒకసారి, మలుపు ముందు ఒకసారి నొక్కాడు. రెండుసార్లూ అతని మాట వింది. కోల్డ్ స్టోరేజీ గేటు ముందు, ట్రాక్టరుకు ఇంకా బోలెడు దూరం ఉండగానే, ఆపి కాలు నేలకు ఆనించాడు.

కౌసర్ ఆ రోజు రాశి దగ్గర లేదు. గేటు బయటికి వచ్చి, ఎర్రటి చేతులు చీరకు తగలకుండా దూరంగా పెట్టుకుని, వంతెన వైపే చూస్తూ నిలబడి ఉంది. అతను దిగడం మొదట్నుంచీ చూసినట్టుంది. ఇద్దరి మధ్యా నాలుగు అడుగుల దూరం లేదు. అయినా అతను బెల్లు కొట్టాడు.